రివెట్టు వెనక వేలు

మా ఊరి రాతి వంతెన మొదట్లో, కుడిచేతి వైపు, నిలువెత్తు పలక ఒకటి ఉంది. పునాది రాయి ఎవరు వేశారో, వంతెన ఎవరు తెరిచారో, ఆ రోజు వేదిక మీద ఎవరెవరు కూర్చున్నారో వరసగా చెక్కి ఉంటుంది. పద్దెనిమిది పేర్లు. ఆ పద్దెనిమిది మందిలో ఒక్కడు కూడా ఒక్క రాయి ఎత్తినవాడు కాదు. ఎత్తినవాళ్ల పేర్లేవి అంటే పలక దగ్గర సమాధానం లేదు. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. మండి మండి చివరికి ఒక కరపత్రం రాశాను. అది పోయి పోయి ఒక మనిషి మెడకి చుట్టుకుంది. ఆ సంగతే ఇది.

నేను రంగు ముఠాలో మనిషిని. పని రాతి వంతెన మీద కాదు, దానికి ఎగువన ఉన్న ఇనప వంతెన మీద. ఈ గట్టున తుప్పు గీకి రంగు వెయ్యడం మొదలుపెడితే ఆ గట్టు చేరేసరికి ఆరేళ్లు. చేరి ఊపిరి పీల్చుకునేలోపు ఈ గట్టున మళ్లీ తుప్పు. మళ్లీ మొదటికి. పదకొండేళ్లుగా నా బతుకు ఆ రెండు గట్ల మధ్యే నడుస్తోంది.

పోయినేడు నదికి దిగువన కొత్త కాంక్రీటు వంతెన వేశారు. కార్లు, లారీలు అటు పోయాయి. ఇనప వంతెన నడిచేవాళ్లకీ, సైకిళ్లకీ, తోపుడు బళ్లకీ మిగిలింది. అవతలి గట్టున బట్టల మిల్లు పనివాళ్లుంటారు, ఆస్పత్రి నేలలు తుడిచేవాళ్లుంటారు, ఇళ్లలో గిన్నెలు తోమేవాళ్లుంటారు. పొద్దున ఆరింటికి వంతెన మీద నిలబడి చూడండి, మీ భుజం రాసుకోకుండా ఒక్కరు దాటితే ఒట్టు. అలాంటి వంతెనకి వంతెనల ఆఫీసువాళ్లు నోటీసు అంటించారు. పాతబడిందట. ప్రమాదమట. కోసి తుక్కు కింద తీసేస్తారట. అభ్యంతరాలుంటే నెలలోపు చెప్పుకోవాలట. రాతి వంతెన మధ్య కమాన్లు కూలి ఆ దారి ఎప్పుడో మూసేశారు, ఇక కొత్త వంతెన మీదుగా చుట్టు తిరిగి రావాలంటే గంటంబావు నడక. కారున్నవాడికి ఐదు నిమిషాలు. నోటీసు రాసినవాడికి కారుంది.

అభ్యంతరం నేను రాశాను.

కరపత్రానికి "మన నది, మన వంతెనలు" అని పేరు పెట్టాను. సాయంత్రాలు గ్రంథాలయంలో దుమ్ము పుస్తకాలు తిరగేసి, ముసలివాళ్లని కదిలించి రాశాను. ఈ నది మీద మొదటి వంతెన పడవలది. ఇరవై నాలుగు పడవలు పక్కపక్కన గొలుసులతో కట్టి పైన బల్లలు పరిచేవాళ్లు. మధ్యాహ్నం పూట రెండు పడవలు విప్పి సరుకు పడవలకి దారిచ్చేవాళ్లు. నీళ్లు పెరిగితే పడవ మనుషులు నడుం లోతులో నిలబడి గొలుసులు సడలించేవాళ్లు. రెండోది కొయ్య వంతెన. అది ఒకసారి వరదలో కొట్టుకుపోయింది, మళ్లీ కడితే మంటల్లో కాలిపోయింది. రెండుసార్లూ తప్పు కాపలావాడి మీదే పెట్టారు. నీళ్లకీ వాడే కారణం, నిప్పుకీ వాడే కారణం. మూడోది ఆ పలక ఉన్న రాతి వంతెన. కరువు కాలంలో, గింజల కోసం వచ్చినవాళ్లు కట్టారు. పదకొండు కమాన్లు. పునాదులు తవ్వుతూ ఎంతమంది నీళ్లపాలయ్యారో నదికి తెలుసు, పలకకి తెలీదు. నాలుగోది మా ఇనపది. ముక్కలు ఓడల్లో వచ్చాయి. ఇక్కడ ఒక్కొక్క రివెట్టునీ కొలిమిలో ఎర్రగా కాల్చి, పట్టకారుతో పైకి విసిరేవాళ్లు. పైనున్నవాడు దాన్ని బకెట్టులో పట్టి చిల్లులో దూర్చితే, ఇద్దరు సుత్తులతో రెండో వైపు తల కొట్టేవాళ్లు. బకెట్టు గురి తప్పితే కింద ఎవడి నెత్తినో నిప్పే.

ఇక్కడిదాకా బాగానే రాశాను. చెడింది చివర్లోనే.

వంతెన గట్టిదని ఆఫీసుకి ఎలా చెప్పాలి? మాకు మిషన్లు లేవు, నిపుణులు లేరు. మాకున్నది చెవుల బాబాయి. ఆయనది 'ధ్వని పరీక్షకుడు' అనే ఉద్యోగం. పేరు పెద్దదే గానీ పని చిన్న సుత్తితో. రివెట్టు తల మీద ఒక దెబ్బ కొడతాడు, గట్టిదో వదులుదో చెబుతాడు. గట్టిదైతే వదిలేస్తాడు. వదులైతే సుద్దముక్కతో ఇంటూ పెడతాడు, పుస్తకంలో ఎక్కిస్తాడు, మరమ్మతువాళ్లొచ్చి మారుస్తారు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఇదే పని. ముఠా అంతా ఆయన్ని చెవుల బాబాయి అనే పిలుస్తాం. కాబట్టి నేను కలం విదిల్చి ఇలా రాశాను:

"ఈ వంతెన గట్టితనం కాగితాలని అడక్కండి. ముప్ఫై ఒక్క ఏళ్లుగా దీని గుండెచప్పుడు వింటున్న మా బాబాయిని అడగండి. హోరుగాలిలో కూడా ఏ రివెట్టు వదులైందో వినగల చెవులవి. ఆ చెవులున్నంత కాలం ఈ వంతెనకి ఢోకా లేదు."

రెండు వేల కాపీలు వేయించి రెండు గట్లలోనూ పంచాను. జనం బాగుందన్నారు. నేనూ పొంగిపోయాను.

మూడో రోజు సాయంత్రం పిన్ని వచ్చింది. పిన్ని అంటే చెవుల బాబాయి భార్య. వంతెన మీదే, ఆయన వెంటే, రోజుకూలి సహాయకురాలు. నేను కిరసనాయిల్లో గుడ్డ ముంచి చేతుల రంగు తుడుచుకుంటున్నాను. కరపత్రం తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"ఇది నువ్వే రాశావా?"

"నేనే పిన్నీ. ఎలా ఉంది?"

"రాత బాగానే ఉంది. మీ బాబాయికే చెవులు వినపడవు."

నవ్వాను. ఆమె నవ్వలేదు.

"ఎన్నాళ్లనుంచి?"

"తొమ్మిదేళ్లు. ముందు సన్నగా మోత మొదలైంది. తర్వాత పిలిస్తే పలికేవాడు కాదు. అలిగాడనుకున్నా, రెండు రోజులు నేను కూడా మాట్లాడలేదు. అది కూడా ఆయనకి తెలీలేదు."

తొమ్మిదేళ్లు! ఆ మనిషికి పది అడుగుల దూరంలో తుప్పు గీకుతూ రోజూ గడిపాను. అయినా ఎలా తెలుస్తుంది చెప్పండి. ఇనప వంతెన మీద మాట ఉండదు, కేకే ఉంటుంది. గాలి హోరు ఒకవైపు, గీకుడు సుత్తుల మోత ఒకవైపు. ఎవరికి ఏం కావాలన్నా ఎదురుగా వచ్చి, చేతులు తిప్పుతూ, నోరంతా తెరిచి అరవాల్సిందే. బ్రష్షు కావాలంటే అరచెయ్యి ఊపడం, టీ అంటే బొటనవేలు నోటి దగ్గర పెట్టడం. అక్కడ అందరం చెవిటివాళ్లలాగే మసులుకుంటాం. ఒక్కడు నిజంగా చెవిటివాడైతే ఎవడికి తెలుస్తుంది?

"ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చిందే" అంది పిన్ని. "నీ కరపత్రం చదివారట. వంతెన భారమంతా ఆ చెవుల మీద ఉంటే ఆ చెవులే చూద్దాం అన్నారట. ఫైలు తీస్తే పన్నెండేళ్లుగా చెవి పరీక్ష జరగలేదు. గురువారం ఆస్పత్రికి రమ్మన్నారు."

"తప్పితే?"

"ఆయన ఉద్యోగం పోతుంది. అది సరే. తొమ్మిదేళ్ల పుస్తకాలు చెల్లవంటారు. చెవిటివాడు చూసిన వంతెన చూసినట్టు కాదంటారు. ఇక కొయ్యడానికి ఇంకేం కావాలి?" కరపత్రం మడిచి నా చేతిలో పెట్టింది. "ఎవరూ పట్టించుకోకుండా ఉంటే ఇంకో రెండేళ్లలో దిగిపోయేవాడు. నువ్వొచ్చి దీపం పెట్టి మరీ చూపించావు."

తిట్టలేదు. తిడితే బాగుండేది.

మర్నాడు పని దిగగానే వాళ్లింటికి పోయాను. రంగు మేస్త్రి, ఇంకో ఇద్దరు ముఠావాళ్లు అప్పటికే అక్కడున్నారు. ఒకటే గది, ఆ మూల పొయ్యి, ఈ మూల ఇనప మంచం. బాబాయి మంచం మీద కూర్చుని సుత్తి పిడిని గాజు పెంకుతో నున్నగా గీకుతున్నాడు. నన్ను చూడగానే మేస్త్రి అందుకున్నాడు.

"రావమ్మా కరపత్రం, రా! ఇంకా ఎవరి గురించైనా రాశావా? నా మోకాళ్ల నొప్పి గురించి కూడా రాయరాదూ, కొండలెక్కే కాళ్లు అని. నన్ను కూడా ఇంటికి పంపించేస్తారు."

నేను పోయి బాబాయి ఎదుట నేల మీద కూర్చున్నాను. నా నోరు కనపడేలా. తొమ్మిదేళ్లుగా తెలీక చేసిన పని మొదటిసారి తెలిసి చేశాను.

"తప్పు నాది బాబాయ్."

"నీ తప్పేముంది అమ్మాయ్. మంచిగానే రాశావు. చదువుతుంటే ఈ మహానుభావుడెవరా అనుకున్నా."

"వినపడకుండా ఎలా చేశారు ఇన్నేళ్లు?"

ఆయన లేచి నన్ను మంచం పట్టీ దగ్గరకి పిలిచాడు. పట్టీకీ కోడుకీ మధ్య రివెట్టు. నా చూపుడువేలు తీసి రివెట్టు వెనక తల మీద ఆనించాడు. ముందు తల మీద సుత్తితో టక్కున కొట్టాడు. వేలికి ఒక్క దెబ్బ తగిలి ఆగిపోయింది. రెండో కోడు దగ్గర కొట్టాడు. అక్కడ దెబ్బ తగిలాక చిన్న వణుకు ఒకటి, చీమ పాకినట్టు, వేలి కొసలో తిరిగింది.

"తెలిసిందా?"

"ఇది వదులు!"

"అదీ. మా తాతకి కూడా వినపడేది కాదట. కొత్తగా కట్టినప్పుడు బకెట్టు పట్టినవాడాయన. వేలు పెట్టి చూడరా అని మా నాన్నకి చెప్పాడు, మా నాన్న నాకు చెప్పాడు. చెవితో చూడమన్నది ఆఫీసువాళ్ల పుస్తకం. చెవి గాలిలో మోసపోతుంది. వేలు మోసపోదు."

"మరి వెడల్పు ప్లేట్ల దగ్గర వెనక్కి చెయ్యి అందదుగా?"

బాబాయి పొయ్యి వైపు చూశాడు. పిన్ని గ్లాసుల్లో టీ పోస్తోంది. "ముందు గురువారం సంగతి చూడండి" అని విషయం మళ్లించేసింది.

గురువారం సంగతి అంటే దొంగదారులే. మేస్త్రి దగ్గర మూడున్నాయి. డాక్టరు మీట నొక్కినప్పుడల్లా తలుపు సందులోంచి తను చెయ్యి ఊపుతాడు. లేదంటే పిన్ని పక్కన కూర్చుని మోకాలితో తన్నుతుంది. అదీ కాకపోతే బాబాయే డాక్టరు భుజం కదలిక చూసి చెయ్యెత్తాలి. ఒకసారి రిహార్సలు కూడా వేశారు. మేస్త్రి డాక్టరయ్యాడు. బాబాయి ఆయన దగ్గినప్పుడు కూడా చెయ్యెత్తాడు. అందరం పడీ పడీ నవ్వాం. అందరికంటే ఎక్కువ బాబాయే నవ్వాడు. నవ్వి సుత్తి పక్కన పెట్టాడు.

"ఇదేం వద్దు. వెళ్తాను, వినపడదని నేనే చెప్తాను."

"పిచ్చా మీకు?" అని లేచాను. "మీరు ఒప్పుకున్న మరుక్షణం వంతెన పోతుంది. అంత చుట్టు నడవడానికి అవతలి గట్టువాళ్లకి కొత్త కాళ్లు ఎవరు ఇస్తారు, మీరా? ఆఫీసువాడు రోజుకి పది అబద్ధాలాడతాడు. మనం ఒక్కటి ఆడితే కొంప మునుగుతుందా?"

"మునుగుతుంది అమ్మాయ్. ఈ ఒక్కటి దొరికిందనుకో, అప్పుడు పుస్తకమంతా అబద్ధమే అంటారు. వదులుని గట్టిదని నేను ఒక్కసారి కూడా రాయలేదు. ఆ ఒక్కటీ ఉంది వంతెనకి దన్నుగా. అది కూడా తీసేస్తే ఇంకేం మిగిలింది?"

నాకు కోపం ఆగలేదు. టీ గ్లాసు సగంలో వదిలేసి బయటికి వచ్చేశాను.

గురువారం ఆస్పత్రిలో జరిగింది చెప్పడానికి రెండు ముక్కలు చాలు. చెవులకి డబ్బాలు తగిలించారు. బాబాయి కళ్లు మూసుకున్నాడు, కావాలనే. చెయ్యి ఒక్కసారి కూడా ఎత్తలేదు.

శుక్రవారం ఆఫీసులో విచారణ. పొడుగు గది, మధ్యలో పొడుగు బల్ల, గోడంతా అట్టపెట్టెలు. బల్లకి అటువైపు ఇంజినీరమ్మ. కొత్తగా వచ్చింది, ముఖం చూస్తే చెడ్డమనిషిలా లేదు. రూలు అంటే రూలే అనే రకం. పక్కన గుమాస్తా. ఇటువైపు బాబాయి, మా వంతెన పనివాళ్ల సంఘం తరఫున నేను. పిన్ని తలుపు దగ్గర నిలబడింది. కుర్చీ ఎవరూ చూపించలేదు.

ఇంజినీరమ్మ డాక్టరు కాగితం చదివి బాబాయి వైపు తిరిగింది. పాపం, నెమ్మదిగా, పెదాలు కనపడేలా మాట్లాడింది.

"మీరు తొమ్మిదేళ్లు దాచారు."

"దాచాను మేడమ్."

నేను ఊరుకోలేకపోయాను. "ఆ చెవులు ఎక్కడ పోయాయో అది కూడా రాయండి మేడమ్. ఇంట్లో పెట్టి మర్చిపోయి వచ్చాడా? ముప్ఫై ఏళ్లు మీ ఇనుము మీద కొట్టి కొట్టి పోయాయి. చెవులు తీసుకున్నది మీరు, చెవుల్లేవని పంపేదీ మీరేనా?"

"అది వేరే విషయం. రాయిస్తాను" అంది ఆమె. రాయించింది కూడా, ఆ మాట ఒప్పుకోవాలి. "ఇప్పుడు నాకు కావాల్సింది వంతెన. రోజూ ఇన్ని వేలమంది నడుస్తున్నారు. ఈ పుస్తకాలని నేను ఏం చూసి నమ్మాలి?"

గుమాస్తా పుస్తకాలు ముందుకి జరిపాడు. ఆమె ఒకటి తెరిచి పేజీలు తిప్పింది. ఒకచోట ఆగింది.

"ఇంటూలు సరే. ఈ సున్నాలేంటి?"

"టీ గ్లాసు మరకలు మేడమ్" అన్నాడు గుమాస్తా. "వీళ్ల పుస్తకాలన్నీ అంతే, శుభ్రత ఉండదు."

"టీ మరకలు వరసలో పడతాయా?" అని ఆమె ఇంకో పేజీ తిప్పింది. ప్రతి పేజీకి పైన ముద్ర కొట్టిన గడులుంటాయి. తేదీ, ఖానా నంబరు, పరీక్షకుడి పేరు. రెండు స్తంభాల మధ్య భాగాన్ని ఖానా అంటాం. వాటి కింద చివరి గడి. ఆమె పైకి చదివింది. "సహాయకులు: ఒకరు. ప్రతి పేజీలో ఇదే ఉంది. సహాయకులు ఒకరు. ఎవరీ ఒకరు?"

గుమాస్తా నా వంక చూశాడు. నేను బాబాయి వంక చూశాను.

"నేనేనమ్మా" అంది పిన్ని తలుపు దగ్గర్నుంచి.

బాబాయి ఆమె పెదాలు చూసి లేచాడు. "ఈ పుస్తకాలు సగానికి పైన ఆవిడవి మేడమ్. వెడల్పు ప్లేట్లకి నా చెయ్యి వెనక్కి అందదు. ఆవిడ అవతలి వైపు కూర్చుని వేలు పెడుతుంది. నేను ఇటు కొడతాను, అంతే. గట్టిదైతే అటునుంచి మేకుతో ఒకసారి తడుతుంది, వదులైతే రెండుసార్లు. ప్లేటుకి అరచెయ్యి ఆనించి ఆ తట్టు నేను అందుకుంటాను. చెప్పేది ఆవిడ. గుర్తు పెట్టేవాణ్ణి నేను."

"మరి సున్నా?"

దానికి పిన్నే జవాబు చెప్పింది. "సున్నా అంటే తెలీదని. గట్టిగా ఉన్నట్టే ఉంటుంది గానీ వేలికి ఏదో తేడా కొడుతుంది. అప్పుడు తట్టకుండా గీరుతాను. ఆయన సున్నా చుడతాడు. మళ్లీ నెలకి అక్కడికే వచ్చి చూస్తాం."

నేను అక్కడే, ఆ కుర్చీలోనే, కుంచించుకుపోయాను. పిన్ని అవతలి వైపు వేలాడే బల్ల మీద, కింద నది, నడుముకి తాడు, అలా కూర్చుని ఉండటం ఏళ్ల తరబడి రోజూ చూశాను. సుద్దముక్కలు అందిస్తోందనుకున్నాను. సుద్దముక్క అందించే మనిషి అవతలి వైపు ఎందుకు కూర్చుంటుందని ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. పలక మీద పద్దెనిమిది పేర్లు చూసి ఒళ్లు మండినదాన్ని, నాలుగు వంతెనల చరిత్ర రాసినదాన్ని, బకెట్టు పట్టినవాణ్ణి కూడా వదలకుండా రాసినదాన్ని. ఈ మనిషిని రాయలేదు. పలక చెక్కినవాడికీ నాకూ తేడా ఏముంది?

ఇంజినీరమ్మ సున్నాలున్న పేజీల్లో కాగితం ముక్కలు పెట్టుకుంటూ పోయింది. తర్వాత ఒక మూసిన కవరు తీసి బల్ల మీద పెట్టింది.

"పోయిన నెల ఒక కంపెనీ మనిషి మిషనుతో మూడో ఖానాలో నలభై రివెట్లు చూశాడు. ఫలితం ఇందులో ఉంది. నేను కూడా విప్పలేదు. రేపు పొద్దున మీరు అవే నలభై చూడండి. ఈయన పరీక్షకుడిగా వద్దు, రూలు ఒప్పుకోదు. మీరు చెప్పాలి" అంది పిన్నితో. "మీకు ఇష్టమైతేనే."

పిన్ని కొంగుతో చేతులు తుడుచుకుంది, అవి తడిగా లేకపోయినా. "సుత్తి కొట్టే మనిషి కావాలమ్మా."

"ఆయన్నే కొట్టమనండి. కొట్టడానికి చెవులక్కర్లేదు."

శనివారం పొద్దున మూడో ఖానా దగ్గర ముఠా అంతా చేరింది. మేస్త్రి గీకుడు పని ఆపించేశాడు, ఎవడైనా దగ్గినా ఊరుకోనన్నాడు. అవసరం లేదని తెలిసి కూడా. మిల్లుకి పోయేవాళ్లు నడక ఆపి చూస్తున్నారు. వాళ్ల నడక సంగతే ఇక్కడ తేలబోతోందని అప్పటికి అందరికీ తెలుసు. నా కరపత్రం తెలిసేలా చేసింది, ఆ ఒక్క పనికైనా పనికొచ్చింది.

పిన్ని తాడు కట్టుకుని అవతలి వైపు దిగింది. కంపెనీ మనిషి కూడా వచ్చాడు, తళతళలాడే పెట్టెతో. "వేలితోనా?" అన్నాడు పక్కనున్నవాడితో. మేస్త్రి విన్నాడు. "అవును బాబూ. కరెంటు కూడా అక్కర్లేదు."

బాబాయి కొట్టాడు. అటునుంచి ఒక తట్టు. ఇంకోటి. ఒక తట్టు. ఆయన కళ్లు ఎటూ చూడవు. ఎడమ అరచెయ్యి ప్లేటు మీద, మొగుడి చెయ్యి పెళ్లాం వీపు మీద ఉన్నట్టు, అంత మామూలుగా ఉంది. పదకొండో దాని దగ్గర రెండు తట్లు. ఇంటూ. ముప్ఫై మూడోది వచ్చేసరికి ఐదు ఇంటూలయ్యాయి. ముప్ఫై నాలుగో దాని దగ్గర ఆయన కొట్టి ఆగాడు. ఏమీ రాలేదు. మళ్లీ కొట్టాడు. అటునుంచి గీరిన చప్పుడు, నాకు వినపడింది. బాబాయి సుద్దముక్కతో సున్నా చుట్టాడు.

నలభై అయ్యాక ఇంజినీరమ్మ కవరు చించింది. చదువుతూ ఒక్కొక్క ఇంటూ దగ్గరికీ నడిచింది. ఐదుకి ఐదు సరిపోయాయి. ముఠా కేకలేయబోతే చెయ్యెత్తి ఆపింది. సున్నా దగ్గర నిలబడింది.

"మీ మిషను దీన్ని గట్టిదంటోంది" అంది కంపెనీ మనిషితో.

"గట్టిదే మేడమ్. మిషను అబద్ధం చెప్పదు."

"మీరేమంటారు?" అని రెయిలింగు మీదుగా వంగి పిన్నిని అడిగింది.

"నాకు తెలీదమ్మా" అని కింద నుంచి వచ్చింది జవాబు. "అందుకే సున్నా."

"తీయించండి" అంది ఇంజినీరమ్మ.

మరమ్మతువాళ్లు తల కోసి, రివెట్టుని వెనక్కి కొట్టి బయటికి తీశారు. ఆమె రుమాల్లో పట్టుకుని తిప్పి చూసింది. రెండు తలలూ నిండుగా, నా రంగుతో నిగనిగలాడుతూ ఉన్నాయి. మధ్యలో, మెడ దగ్గర, సగం తుప్పు తినేసింది. ఇంకో రెండు మూడు నెలలు పట్టుకుని ఉండేదేమో. తర్వాత పట్టుకునేది కాదు.

ఇంజినీరమ్మ అక్కడే, రెయిలింగు మీదే, పాత పుస్తకాలు తెరిచింది. నిన్న పెట్టుకున్న కాగితం ముక్కల దగ్గర ఒక్కో సున్నా మీదా వేలు పెట్టి, తర్వాతి నెల పేజీ, ఆ తర్వాతి పేజీ చూసుకుంటూ పోయింది. కొన్ని సున్నాలు మాసిపోయాయి. చాలా సున్నాలు రెండు నెలలకో మూడు నెలలకో ఇంటూలయ్యాయి, మార్చినట్టు మరమ్మతువాళ్ల సంతకాలున్నాయి. తొమ్మిదేళ్లూ అలాగే ఉంది.

"తెలీనప్పుడు తెలీదని రాసిన పుస్తకం నేను ఇంతవరకు చూడలేదు" అంది. మెచ్చుకున్నట్టు కాదు, కొంచెం సిగ్గుపడినట్టు.

ఆ వారంలోనే కాగితం వచ్చింది. తోపుడు బళ్లు బరువుతో పోకూడదు. నడిచేవాళ్లకీ, సైకిళ్లకీ ఇనప వంతెన తెరిచే ఉంటుంది. వదులైనవన్నీ మార్చాలి. కోసే మాట ఐదేళ్ల దాకా ఎత్తకూడదు. ఐదేళ్లేనా అని నేను ఆఫీసు మెట్ల మీద గొంతు చించుకున్నాను, అది వేరే సంగతి. మిల్లువాళ్లు మాత్రం ఆ సాయంత్రం మా దగ్గర ఆగి, ఒక్కొక్కరే రెయిలింగుని తట్టి వెళ్లారు.

బాబాయి ఉద్యోగం పోయింది. అది కూడా చెప్పాలి. రూలు మారలేదు. చెవులు పనిలోనే పోయాయని రాయించడం వల్ల ఆయనకి రావాల్సిన డబ్బులు ఆగలేదు, అంతే. సుత్తి అప్పగించమన్నప్పుడు బల్ల మీద పెట్టి, పిడిని ఒకసారి తడిమి, వెనక్కి జరిగాడు. ముఖం మామూలుగానే ఉంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం ఆయనకి తెలీలేదు.

ఆ సుత్తి పిన్నికి ఇచ్చారు. ఆర్నెల్లు చూసి పర్మనెంటు చేస్తామన్నారు. "సహాయకులు ఎవరైనా కావాలా?" అని గుమాస్తా అడిగితే ఆమె గుమ్మం వైపు చూపించింది. "ఆ నిలబడ్డాయన. రోజుకూలి అయినా వస్తాడు. పని వచ్చు."

సోమవారం వాళ్లు పని ఎక్కారు. పిన్ని ఇటువైపు సుత్తితో, బాబాయి అటువైపు తాడుతో. దిగేటప్పుడు కింద నదిని చూసి అన్నాడు: "ఏమే, ఇన్నేళ్లూ ఇంత ఎత్తునా కూర్చున్నావు?"

"చెప్పాను, నీకు వినపడలేదు" అంది. ఆయన పెదాలు చదివి పకపకా నవ్వాడు, తాడు ఊగేలా.

నేను కొత్త కరపత్రం రాసి ఆ రోజే తెచ్చాను. పాతదే, చివరి పేరా మాత్రం మారింది. గుండెచప్పుళ్లు, హోరుగాలులు తీసేశాను. రివెట్టు వెనక ఎవరి వేలుందో రాశాను. ముందు పిన్నికే చూపించాను. చదివింది. చదివి, "నీ బాబాయిని మరీ తగ్గించేశావు" అని కలం అడిగి తీసుకుని ఒక వాక్యం కలిపింది. అచ్చులో అదే వేయించాను. "ఇటునుంచి సరిగ్గా కొట్టేవాడు లేకపోతే అటు వేలికి ఏమీ తెలీదు."

సాయంత్రం గుమాస్తా వంతెన మీదికి పుస్తకం పట్టుకుని వచ్చాడు. తేదీ వేశాడు, ఖానా నంబరు వేశాడు, పరీక్షకుల గడిలో పిన్ని పేరు రాశాడు. కింద గడిలో అలవాటుగా మొదలుపెట్టాడు, సహాయకులు: ఒక...

పిన్ని పుస్తకం మీద అరచెయ్యి పెట్టేసింది. సుద్ద అంటిన వేళ్లు పేజీ మీద అచ్చు పడ్డాయి.

"ఒకరు కాదు. పేరు రాయండి."

"గడి చిన్నదమ్మా."

"సన్నగా రాయండి."

బాబాయి అప్పుడే తాడు విప్పుకుని పైకి వచ్చాడు. గుమాస్తా పుస్తకంలో ఏదో గట్టిగా నొక్కి రాస్తున్నాడని చూసి, ఏమైందన్నట్టు చెయ్యి తిప్పాడు.

పిన్ని ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది, నోరు కనపడేలా.

"నీ పేరేనయ్యా" అంది.